బండి పుస్తకంలో లేని ఒక కొలత: వినియోగదారుల వ్యవహారాల శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
వినియోగదారుల వ్యవహారాల శాఖ, భారత ప్రభుత్వం, న్యూఢిల్లీ.

మరమ్మతు హక్కుకు ఒక రూపం ఇవ్వడానికి తమ శాఖ 2022 జూలైలో ఒక కమిటీని నియమించి, వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు–ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, ఆటోమొబైల్స్ అనే నాలుగు రంగాలను ఎంచుకొని, అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. తయారీదారులు తమ వస్తువుల మాన్యువళ్లను, విడిభాగాల వివరాలను, వారంటీ షరతులను అందరికీ అందేలా ఒకచోట ఉంచాలన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే మరమ్మతుకు నిజంగా పనికొచ్చే సమాచారం ఏది, లెక్కకు చూపడానికి పెట్టే సమాచారం ఏది అన్న తేడా ఏదో ఒక భాగాన్ని చేత్తో పట్టుకొని చూస్తే తప్ప తేలదు. అందువల్ల ఈ లేఖ మోటార్‌సైకిల్ ఇంజన్‌లో అరచేతిలో ఇమిడే ఒక చిన్న పరికరానికీ, దాని అరుగుదలను తెలిపే ఒకే ఒక్క అంకెకూ పరిమితమవుతుంది. ఆ పరికరాన్ని క్యామ్ చైన్ టెన్షనర్ అంటారు. తెలుగు జిల్లాల మెకానిక్ షెడ్లలో అది టైమింగ్ టెన్షనర్, అది బిగువుగా ఉంచే గొలుసు టైమింగ్ చైన్.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పెట్రోలు కలిసిన గాలిని లోపలికి రానిచ్చే వాల్వు ఒకటి, మండిన పొగను బయటికి పంపే వాల్వు ఒకటి తలభాగంలో, అంటే హెడ్‌లో ఉంటాయి. వాటిని వేళకు తెరిచేది క్యామ్ షాఫ్టు, అంటే గుడ్డు ఆకారంలో ఉబ్బులు తేలిన ఇరుసు. నేటి చాలా బండ్లలో పిస్టన్ కదలికతో తిరిగే క్రాంక్ షాఫ్టు ఇంజన్ అడుగున, క్యామ్ షాఫ్టు పైన ఉంటాయి గనుక, కింది తిరుగుడును పైకి చేర్చడానికి బోరు, అంటే సిలిండరు పక్కన సొరంగం లాంటి ఖాళీలో ఒక సన్నని గొలుసు నడుస్తుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు మాత్రమే తిరగాలి కాబట్టి, కింది పళ్లచక్రానికి 14 పళ్లు ఉంటే పై చక్రానికి 28 ఉంటాయి. చిన్న ఇంజన్లలో విరివిగా కనిపించే గొలుసులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్ల వేగంతో తిరుగుతున్నప్పుడు 14 పళ్ల చక్రం మీదుగా సెకనుకు 1,400 లింకులు దాటిపోతాయి, గొలుసు సెకనుకు దాదాపు 9 మీటర్లు పరుగెత్తుతుంది. వెనక చక్రాన్ని తిప్పే బయటి గొలుసును వాహనదారు రోజూ చూస్తాడు, నూనె పూస్తాడు, వదులైతే బిగింపిస్తాడు. ఇంజన్ లోపల మరో గొలుసు ఉందన్న సంగతి మాత్రం అది చప్పుడు మొదలుపెట్టేదాకా చాలామందికి తెలియదు.

ఒక తరం కిందటి వరకు ఈ చప్పుడు షెడ్లలో పెద్దగా వినపడకపోవడానికి కారణం ఉంది. రాజ్‌దూత్, యెజ్డీ, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 వంటివి రెండు స్ట్రోకుల బండ్లు. వాటి ఇంజన్‌లో ఈ తరహా వాల్వులూ లేవు, క్యామూ లేదు, బోరు గోడలోని కిటికీలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. నాలుగు స్ట్రోకుల బుల్లెట్ ఉన్నా, దాని పాత ఇంజన్లలో క్యాములను తిప్పేవి పళ్లచక్రాలే తప్ప గొలుసు కాదు. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో 97.2 సీసీ స్ప్లెండర్ వచ్చి, మైలేజీ పేరుతో ఊరూరా పాతుకుపోయాక టైమింగ్ చైన్ పాలక్యాన్ల బండి దాకా, పత్తి చేను గట్టు దాకా చేరింది. దానిని పరీక్షించే పద్ధతి మాత్రం కంపెనీ వర్క్‌షాపుల గోడలు దాటి అంత తేలిగ్గా రాలేదు. రెండు స్ట్రోకుల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లు కొత్త ఇంజన్‌ను చెవితోనే నేర్చుకున్నారు. వారిలో చాలామంది బాగానే నేర్చుకున్నారన్నది ఒప్పుకోవలసిన మాటే అయినా, చెవికి అందేది అరుగుదల ముదిరాకే.

షెడ్డు భాషలో గొలుసు "సాగింది" అంటారు. నిజానికి ఉక్కు రేకులు సాగవు. ప్రతి పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ ఒకదానితో ఒకటి రాసుకొని అరుగుతాయి, ఆ అరుగుళ్లన్నీ కలిసి గొలుసును పొడవు చేస్తాయి. 90 పిన్నులున్న గొలుసులో ఒక్కో కీలు మిల్లీమీటరులో వందో వంతు మాత్రమే అరిగినా మొత్తం పొడవు 0.9 మిల్లీమీటరు పెరుగుతుంది. ఈ అరుగుదలకు మూలం ఎక్కువగా నూనెలోనే ఉంటుంది. ఈ తరగతి బండ్లలో ఇంజన్‌కూ, క్లచ్‌కూ, గేర్లకూ లీటరుకు అటూ ఇటూగా ఉండే ఒకే నూనె తిరుగుతుంది. క్లచ్ ప్లేట్ల పొడి, గేర్ల లోహపు రజను ఆ నూనెతోనే కలిసి టైమింగ్ చైన్ కీళ్లలోకి చేరతాయి. 100 సీసీ పాత ఇంజన్లలో కారులో లాంటి కాగితపు ఫిల్టరు కూడా ఉండదు. కింద ఒక జల్లెడ, పక్కన గిరగిర తిరుగుతూ మురికిని అంచుకు నెట్టే ఒక గిన్నె, అంతే. ఆ రెండింటినీ శుభ్రం చేయాలంటే కుడివైపు మూత విప్పాలి. నూనె మార్పించేటప్పుడు ఆ పని చేయించే వాహనదారులు అరుదు.

ఇక్కడ టెన్షనర్ పని మొదలవుతుంది. క్రాంకు లాగే వైపు గొలుసు బిగువుగా, తిరిగి వచ్చే వైపు వదులుగా ఉంటుంది. బిగువు వైపున కదలని గైడు ఒకటి, వదులు వైపున అడుగున కీలు మీద ఊగే వంపు బద్ద ఒకటి ఉంటాయి. ఈ రెండో దానిని షెడ్లలో ప్యాడ్ అంటారు. ఆ ప్యాడ్ వీపును వెనక నుంచి నెట్టే కడ్డీ, దాని స్ప్రింగు, వాటిని పట్టి ఉంచే చిన్న అల్యూమినియం గూడు, ఇవన్నీ కలిస్తే టెన్షనర్. గొలుసును బిగించడం దాని పనిలో సగమే. వాల్వు తెరుచుకునేటప్పుడు వాల్వు స్ప్రింగు క్యామును వెనక్కి లాగుతుంది, మూసుకునేటప్పుడు అదే స్ప్రింగు క్యామును ముందుకు తోస్తుంది; ఆ లాగుడు–తోపుళ్ల మధ్య గొలుసు ఒక క్షణం వదులై మరుక్షణం కొరడాలా బిగుసుకుంటుంది. ఆ విదిలింపును అణచడం మిగతా సగం. బండి నిలబడి స్లోలో ఆడుతున్నప్పుడు ఒంటి సిలిండర్ ఇంజన్ తిరుగుడు అత్యంత ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి, చప్పుడు అప్పుడే బయటపడి, కొంచెం రేజ్ ఇవ్వగానే మాయమవుతుంది. రేజ్ ఇస్తే పోయింది గనుక జబ్బు లేదనుకోవడం వాహనదారు చేసే మొదటి పొరపాటు.

టెన్షనర్లలో రకాలున్నాయి. 1969లో వచ్చిన హోండా సీబీ 750 కాలపు బండ్లలో నట్టు వదులు చేసి, స్ప్రింగు తనంతట తాను సర్దుకున్నాక మళ్లీ బిగించే పద్ధతి ఉండేది. ఆ పని వాహనదారు చేతిలోనే ఉండేది. తర్వాతివి చాలా వరకు తామే సర్దుకునేవి. కొన్నింటిలో కడ్డీ మీద రంపపు పళ్లుండి, ఒక మీట దానిని ముందుకు పోనిస్తుందే తప్ప వెనక్కి రానివ్వదు. కొన్నింటిలో గడియారపు చుట్ట స్ప్రింగు ఒక మరను తిప్పుతూ కడ్డీని బయటికి నెడుతుంది. కొన్నింటిలో ఇంజన్ నూనె ఒత్తిడే నెడుతుంది. సీడీ 100 వంశపు ఇంజన్లలో అడుగు నుంచి పైకి నెట్టే పుష్ రాడ్, దాని కొసన ఊగే చేతికి రబ్బరు తొడిగిన రోలర్ ఉంటాయి. ఈ భేదాలను ఇక్కడ ఇంతకంటే సాగదీయనక్కరలేదు. వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక గుణమే ఈ లేఖకు ముఖ్యం.

ఆ గుణం ఇది: టెన్షనర్ కడ్డీ ఎంత బయటికి వచ్చిందన్నదే లోపలి అరుగుదలకు కొలబద్ద. గొలుసును పక్క నుంచి నొక్కి వదులు తీసేటప్పుడు, పొడవులో పెరిగిన కొద్దిపాటి తేడాకు కడ్డీ అంతకు కొన్ని రెట్లు ముందుకు రావలసి ఉంటుంది. బట్టలారేసే తాడు కాస్త వదులైనా నడుమ చాలా దిగువకు వేలాడటం వంటిదే ఇది. అంటే పిన్నుల దగ్గర కంటికి ఆనని అరుగుదలను టెన్షనర్ పెద్దది చేసి చూపుతుంది. పళ్ల రకంలో బయటికి వచ్చిన పళ్లను లెక్కించవచ్చు; మర రకంలో వెనకనున్న చిన్న బోల్టు తీసి, సన్నని స్క్రూడ్రైవర్‌తో, చాలా ఇంజన్లలో సవ్యదిశలో, కడ్డీ పూర్తిగా లోపలికి పోయేదాకా ఎన్ని చుట్లు పట్టిందో చూస్తే చాలు. ప్యాడ్ అరిగినా, గొలుసు అరిగినా, పళ్లచక్రం అరిగినా కడ్డీ ముందుకే వస్తుంది గనుక ఈ అంకె మూడింటి మొత్తాన్ని చెబుతుందే తప్ప విడివిడిగా చెప్పదు. అయినా ఇంజన్ విప్పాలా వద్దా అన్న ప్రశ్నకు ఆ మొత్తమే కావాలి. తయారీదారు చేయవలసిందల్లా ఫలానా మోడల్‌లో ఇన్ని పళ్లు, లేదా ఇన్ని చుట్లు, లేదా ఇన్ని మిల్లీమీటర్లు దాటితే విప్పి చూడాలని చెప్పడమే. బండితో పాటు చేతికొచ్చే చిన్న పుస్తకంలో టైర్ల గాలి ఎంతుండాలో, బయటి గొలుసు ఎంత ఊగాలో, బ్రేకు లీవరుకు ఎంత ఖాళీ ఉండాలో మిల్లీమీటర్లతో సహా అచ్చవుతుంది. ఈ ఒక్క అంకె మాత్రం సాధారణంగా ఉండదు.

అరిగిన ప్యాడ్‌ను విప్పి చేతిలోకి తీసుకుంటే ఈ లెక్కలన్నీ కంటికి కనిపిస్తాయి. కొత్త ప్యాడ్ ముఖం నున్నగా, ఒకే వంపుగా ఉంటుంది. గొలుసు పక్కరేకులు నడిచి నడిచి, పాతదాని ముఖం మీద వానాకాలపు మట్టిదారిలో ఎడ్లబండి చక్రాల జాడల్లా రెండు సమాంతరమైన చాళ్లు పడతాయి. వాటి మధ్య మిగిలిన గట్టు కొత్తలో ఉన్న ఎత్తుకు గుర్తుగా నిలుస్తుంది. చాలు లోతుగా ఉన్నచోట గోరు ఆనిస్తే గోరు దిగబడుతుంది. నైలాన్ రకం ప్యాడ్ వేడికి రంగు ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంది, ముదిరినకొద్దీ పెళుసవుతుంది. రబ్బరు ముఖం ఉన్నదైతే అంచుల్లో పొరలుగా లేచిపోతుంది. చాలు అడుగున ఉక్కు బద్ద మెరుపు కనిపించిందంటే గొలుసు అప్పటికే లోహాన్ని కోస్తున్నదని అర్థం. అక్కడి నుంచి రాలిన ముక్కలు నూనెతో కిందికి జారి ఆ జల్లెడలోనే తేలతాయి. నూనె మార్చేటప్పుడు జల్లెడలో గోధుమరంగు పెచ్చులు దొరికితే చప్పుడు కోసం ఎదురుచూడనక్కరలేదు.

చప్పుడును గుర్తుపట్టడంలో షెడ్డు విద్యకు ఉన్న విలువను ఇక్కడ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. హెడ్ వైపు నుంచి వచ్చే శబ్దాల్లో ట్యాపెట్ సౌండ్, అంటే వాల్వును నొక్కే భాగం దగ్గరి ఖాళీలో పుట్టేది ఒకటి, టైమింగ్ సౌండ్ మరొకటి. ట్యాపెట్ శబ్దం కుట్టుమిషన్ సూది పోటులా సన్నగా, తాళం తప్పకుండా వస్తుంది, ఇంజన్ వేగంతో పాటు పెరుగుతుంది. టైమింగ్ శబ్దం రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు చిందరవందరగా, బోరు పక్క నుంచి వస్తుంది. రేజ్ ఇచ్చి ఒక్కసారి వదిలేసినప్పుడు వేగం పడిపోతున్న ఆ కొద్ది సెకన్లలో మరీ స్పష్టంగా వినిపిస్తుంది. అనుభవం ఉన్న మెకానిక్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ముందు ట్యాపెట్ మూత మీద, తర్వాత టెన్షనర్ గూడు మీద ఆనించి, పిడిని చెవికి అదిమి, రెండింటినీ పోల్చి వింటాడు. నూనె ఒత్తిడితో పనిచేసే రకంలో రాత్రంతా నూనె కిందికి దిగిపోతుంది గనుక పొద్దున్నే మొదటి కిక్కుకు రెండు మూడు సెకన్లు చప్పుడు రావడం జబ్బు కాదు. అది నిలిచిపోకుండా సాగితేనే జబ్బు.

పరీక్ష పద్ధతిలో తప్పులకు చోటు ఎక్కువ. ముందు క్రాంకు కొసనున్న మాగ్నెట్ చక్రం మీద ఉండే టీ గుర్తును దాని మూతలోని కిటికీ గీతకు ఎదురుగా తెచ్చి, రెండు ట్యాపెట్లూ వదులుగా ఆడుతున్నాయని చూసుకోవాలి. అంటే పిస్టన్ పైకి చేరి, వాల్వులు రెండూ మూసుకొని, క్యాము మీద స్ప్రింగుల ఒత్తిడి లేని స్థితి. హెడ్ మూత తీసి పై చక్రం గుర్తును కూడా అప్పుడే చూడవచ్చు. కింద టీ గుర్తు సరిగ్గా ఉండి పైగుర్తు కొంచెం వెనకబడి ఉంటే లాగే వైపు గొలుసు పెరిగిందని తెలుస్తుంది. టెన్షనర్‌ను విప్పేటప్పుడు మొదట వెనకనున్న స్ప్రింగు బోల్టు, ఆ తర్వాతే గూటిని పట్టి ఉంచిన రెండు బోల్టులు. అది బయట ఉన్నంతసేపూ ఎవరూ కిక్ మీద కాలు వేయకూడదు. ఒత్తిడి లేని గొలుసు ఒక పన్ను దాటితే 28 పళ్ల చక్రం మీద క్యాము దాదాపు 13 డిగ్రీలు, క్రాంకు లెక్కలో దాదాపు 26 డిగ్రీలు తప్పుతుంది. అంత తప్పితే బండి స్టార్ట్ కావడమే కష్టం, స్టార్టయినా పికప్ ఉండదు, కొన్ని ఇంజన్లలో వాల్వు తల పిస్టన్‌కు తగిలి వంగుతుంది.

తిరిగి బిగించేటప్పుడు జరిగే పొరపాటు మరీ సామాన్యమైనది. కడ్డీని వెనక్కి నొక్కి పెట్టకుండా, అది బయటికి వచ్చి ఉన్న స్థితిలోనే గూటిని పెట్టి, రెండు బోల్టులతో బలవంతంగా లాగి బిగిస్తే గొలుసు వీణ తీగలా బిగుస్తుంది; చప్పుడు పోతుంది, వాహనదారు సంతోషంగా డబ్బు చెల్లించి వెళ్తాడు, ప్యాడ్ మాత్రం ఆ రోజు నుంచే వేగంగా అరుగుతుంది. కడ్డీని లోపల పట్టి ఉంచడానికి కంపెనీ వర్క్‌షాపుల్లో ఒక పలుచని రేకు తాళం ఉంటుంది. దాని కొలతలు తెలిస్తే విరిగిన హాక్సా బ్లేడు ముక్కను సానపట్టి పది నిమిషాల్లో చేసుకోవచ్చు. బిగించాక తాళం తీయగానే కడ్డీ ముందుకు దూకిన టక్కుమనే చిన్న శబ్దం వినపడాలి. ఆపైన క్రాంకును చేత్తో, అది తిరిగే దిశలోనే, రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూసిన తర్వాతే కిక్ కొట్టాలి.

ఈ కొలతలు అందని చోట అడ్డదారులు పుడతాయి. స్ప్రింగును లాగి పొడవు చేయడం, స్ప్రింగు వెనక వాషర్ వేయడం, చిక్కటి నూనె పోసి చప్పుడును కొన్ని వారాలు అణచివేయడం వంటివి చేసేవారిని మోసగాళ్లని కొట్టిపారేయడం తేలిక, న్యాయం మాత్రం కాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వాషర్ వేసిన టెన్షనర్ ప్యాడ్‌ను తినేస్తుంది, చిక్కటి నూనె చలి ఉదయాన పై భాగానికి ఆలస్యంగా చేరుతుంది. అయినా ఏ అంకె దగ్గర ఆగాలో చెప్పని చోట చేతికి తోచిన వైద్యమే జరుగుతుంది. వేళకు చూస్తే ప్యాడ్‌తో, ప్యాకింగ్‌తో (గాస్కెట్‌తో) పోయే పని, ఆలస్యమైతే మాగ్నెట్ ఊడదీసి గొలుసు, పళ్లచక్రాలు, గైడ్లు అన్నీ మార్చే హాఫ్ ఇంజన్ పనిగా ముదురుతుంది. హైదరాబాద్ కోఠి దగ్గరి పుత్లీబౌలీలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో విడిభాగాల దుకాణం ముందు నిలబడ్డ కుర్ర మెకానిక్‌కు ఒరిజినల్ ఏదో డూప్లికేట్ ఏదో తేల్చుకోవడానికి మోడల్ వారీ పార్టు నంబరు కూడా కావాలి. అది లేనప్పుడు ధరే నాణ్యతకు గుర్తవుతుంది.

ఇది చిన్న బండ్లకే, పేద దేశాలకే పరిమితమైన చిక్కు కాదని చూపే ఉదాహరణ అమెరికాలో ఉంది. హార్లీ డేవిడ్‌సన్ 1999 మోడల్ నుంచి ట్విన్ క్యామ్ 88 అనే, దాదాపు 1,450 సీసీల ఇంజన్‌ను తెచ్చింది. అంతకు ముందరి ఇవల్యూషన్ ఇంజన్‌లో పళ్లచక్రంతో తిరిగిన ఒక క్యాము స్థానంలో ఇందులో రెండు క్యాములు, వాటిని తిప్పడానికి రెండు గొలుసులు వచ్చాయి. ఒకటి బయటివైపు, మరొకటి క్యాములను పట్టి ఉంచే పలక వెనక. వాటిని స్ప్రింగు బలంతో నొక్కే ప్లాస్టిక్ పాదాలు అరిగి, పొడి నూనెలో కలిసి నూనె పంపులోకి చేరడం ఆ ఇంజన్‌కు పేరుమోసిన బలహీనత అయింది. లోపలి పాదం పలక విప్పితే గానీ కనిపించదు. బయటిది బాగుందని మూత మూసేసిన యజమానులకు లోపలిది నూనె ఒత్తిడి పడిపోయాకే తెలిసేది. చివరికి 2006లో డైనా మోడళ్లలో, 2007 నుంచి మిగతా వాటిలో, నూనె ఒత్తిడితో నడిచే టెన్షనర్లు, రోలర్ గొలుసులు వచ్చాయి. అక్కడి యజమానులకు కలిసివచ్చిన సంగతి ఏమిటంటే, ఆ ఇంజన్‌కు సంబంధించిన సర్వీస్ మాన్యువల్‌ను డబ్బు పెడితే ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇంటి గ్యారేజీలోనే మూత విప్పి చూసుకోవచ్చు. అదే సంస్థ వారంటీ షరతులు బయటి విడిభాగాలు వాడకుండా కొనుగోలుదారులను కట్టిపడేస్తున్నాయంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 జూన్‌లో చర్య తీసుకుంది. బయటి షెడ్డులో పని చేయించినంత మాత్రాన వారంటీ పోదన్న మాటను కొనుగోలుదారులకు స్పష్టంగా చెప్పాలన్నది ఆ చర్యలో ఒక భాగం.

భారతదేశంలో దారి ఇప్పటికే సగం వేసి ఉంది. కార్ల విడిభాగాలను, మరమ్మతు మాన్యువళ్లను, పరీక్షా పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్న కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు తర్వాత అప్పీళ్ల పాలైనా, అది గుర్తించిన సూత్రం అలాగే ఉంది. కాకపోతే అది కార్ల గురించిన కేసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 84వ సెక్షన్, హాని కలగకుండా వస్తువును సరిగ్గా వాడటానికి తగిన సూచనలు ఇవ్వని తయారీదారుని బాధ్యుణ్ని చేస్తుంది. అయితే అదే చట్టం 2వ సెక్షన్‌లో హాని అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో వస్తువుకు వస్తువుగా కలిగిన నష్టం చేరదు. కాబట్టి ప్యాడ్ విరిగి ఇంజన్ పాడైన వాహనదారుకు ఆ సెక్షన్ వల్ల ఒరిగేది తక్కువ. చట్టం చెయ్యి చాపని ఆ ఖాళీలోనే తమ పోర్టల్‌కు పని ఉంది.

కొలతలు బయటపెడితే అనుభవం లేనివారు ఇంజన్లు విప్పి పాడుచేస్తారన్నది తయారీదారుల వైపు నుంచి రాదగిన అభ్యంతరం. అనుభవం లేనివారు ఇప్పుడూ విప్పుతూనే ఉన్నారు, కొలత తెలియకుండా విప్పుతున్నారు. పైగా ఈ పరీక్షకు కావలసింది ఒక పానా, ఒక సన్న స్క్రూడ్రైవర్, ఒక కొత్త ప్యాకింగ్ మాత్రమే. వ్యాపార రహస్యం అన్న వాదనకు అసలు తావు లేదు, ఎందుకంటే ఏ పోటీ సంస్థ అయినా ఒక బండి కొని విప్పితే ఆ కొలత సాయంత్రానికి తేలిపోతుంది. తెలియనిది బండి కొన్నవాడికీ, వీధి చివర దానిని బాగుచేసేవాడికీ మాత్రమే.

ఆ ఇద్దరి పక్షాన తమ శాఖకు విన్నపం ఇది. దేశంలో అమ్ముడవుతున్న, గొలుసుతో క్యాము తిరిగే ప్రతి మోటార్‌సైకిల్, స్కూటర్ మోడల్‌కూ టెన్షనర్ కడ్డీ బయటికి రాగల గరిష్ఠ పరిమితిని, ప్యాడ్ చాలు లోతుకు హద్దును, ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి చూడాలన్న మాటను, రేకు తాళం బొమ్మను కొలతలతో సహా పోర్టల్‌లో ఉంచవలసిందిగా తయారీదారులను కోరండి; అమ్మకం ఆగిపోయిన పాత మోడళ్లను వదిలేయవద్దు, ఎందుకంటే అరిగేవి అవే. ప్యాడ్‌ను, గైడును మొత్తం కిట్టు కొనమనకుండా విడివిడిగా, ధర ముద్రించి అమ్మాలి. ఆ పుటలు తెలుగులో, షెడ్డులో పలికే మాటల్లో, ప్యాడ్‌ను ప్యాడ్ అనీ ప్యాకింగ్‌ను ప్యాకింగ్ అనీ రాసి ఉండాలి. నిఘంటువు తిరగేసి పుట్టించిన అనువాదం నూనె చేతులతో ఫోను పట్టుకున్న మెకానిక్‌కు ఇంగ్లిషు కంటే దూరం. నాలుగు అంశాలనూ ఒకేసారి తేలేకపోతే మొదటి అంకెతోనే మొదలుపెట్టండి: ఎన్ని పళ్లు బయటికి వస్తే ఇంజన్ విప్పాలి?

ఇట్లు,
ద్విచక్ర వాహనదారుల, వీధి మెకానిక్‌ల పక్షాన.